తూకానికి దొరికే పాతకాలం



పాతసామానుకు మన దేశంలో రెండు రకాల ధరలు ఉన్నాయి. ఒకటి తూకం ధర, రెండోది వయసు ధర. యాంటిక్ దుకాణంలో అద్దాల బీరువాలో దీపం కింద పెట్టిన మరచెంబుకు వయసు కట్టి ధర చెబుతారు. అలాంటిదే ఇంకో మరచెంబు సంతలో గోనెపట్టా మీద, పిడి ఊడిన కుక్కర్ల పక్కన పడి ఉంటే, త్రాసులో వేసి కిలో ఇత్తడి ఎంతో అంతే అడుగుతారు. దాన్ని చేసిన చేతికి, అది బతికిన ఏళ్లకు అక్కడ విడిగా ధర లేదు, లోహానికే ధర. మామూలు జీతంతో ఇల్లు నడుపుకునే మనిషి పాతకాలపు మంచి వస్తువు ఒకటి సంపాదించగలిగేది తూకం ధర నడిచే చోటే. యాంటిక్ దుకాణానికీ వెళ్లాలి, తప్పకుండా వెళ్లాలి. కానీ అక్కడికి నేర్చుకోవడానికి వెళ్లాలి, సంతకు కొనడానికి వెళ్లాలి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

హైదరాబాదులో ఇలాంటి సంతకు పెట్టింది పేరు జుమ్మేరాత్ బజార్. పాతబస్తీలో పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం జరుగుతుంది. ఆ వంతెన 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించినది, చార్మినార్ కన్నా పెద్దది వయసులో. దాని సమీపాన నేల మీద పరిచిన దుప్పట్ల మీద కుట్టుమిషన్ చక్రాలు, తలుపు గడియలు, వడ్రంగి పనిముట్లు, ఫ్యాన్ రెక్కలు, గాజు చిమ్నీలు, కాళ్లు లేని టీపాయిలు, వాటి మధ్యలో ఎక్కడో ఒక అడకత్తెర. బేగంబజార్ పక్కనే ఉంది కాబట్టి లోహం ధర ఆ రోజు ఎంతో అందరికీ తెలుసు. ఎర్రగడ్డలో ఆదివారం సంత ఉంది. అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఆదివారం పాత పుస్తకాలు పరుస్తారు. చార్మినార్ పక్కన ముర్గీచౌక్ వైపు వెళితే యాంటిక్ దుకాణాలు. బయటి ఊళ్ల సంగతి చెప్పాలంటే ముంబై చోర్ బజార్‌లో మటన్ స్ట్రీట్, తమిళనాట కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి, కొచ్చిలో జ్యూ టౌన్. వీటిలో నాకు మనసుకు దగ్గరైనది కారైకుడి. చెట్టియార్లు బర్మా నుంచి, యూరప్ నుంచి తెచ్చుకున్న ఎనామెల్ డబ్బాలు, గాజుసామాను అక్కడ ఇళ్లలోంచి నేరుగా వీధిలోకి వచ్చాయి.

సంతకు వెళ్లే ముందు ఒక సంగతి ఆలోచించాలి. అసలు ఈ వస్తువులు అక్కడికి ఎందుకు వచ్చాయి? ఎవరూ ఇష్టంతో పారేసినవి కావు ఇవి. చాలాసార్లు ఒక చట్టమో, ఒక కొత్త లోహమో వాటిని ఇంట్లోంచి వెళ్లగొట్టింది.

కొలపాత్రల సంగతే చూడండి. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. కళ్లంలో వడ్లు కొలిచినా, పక్కింటికి బియ్యం బదులిచ్చినా, కూలి ఇచ్చినా ఇవే. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లలో అంగళ్లలోకి కిలోలు, లీటర్లు దిగాయి. తరతరాలుగా ఇంటి లెక్క నడిపిన పాత్ర అంగట్లో చెల్లకుండా పోయింది. అటక ఎక్కింది. కొన్నాళ్లకు అటక కూడా పోయి పాతసామాను బండి ఎక్కింది.

అందుకే కొలపాత్రలు ఇప్పటికీ చవకగా దొరుకుతాయి. కొత్తగా వెతకడం మొదలుపెట్టేవాళ్లకు నేను మొదట వీటినే చెబుతాను. ఇనుపవి ఉంటాయి, ఇత్తడివి ఉంటాయి, కొయ్యను తొలిచి అంచుకు ఇత్తడి పట్టీ బిగించినవి ఉంటాయి. చేతిలోకి తీసుకుని అంచు చుట్టూ వేలు పోనివ్వండి. ధాన్యపు రాశిలోకి దించి తీసే పాత్ర కాబట్టి, పట్టుకునే చేతి అలవాటును బట్టి అంచు ఒక పక్క ఎక్కువ అరుగుతుంది. లోపలి గోడ గింజల రాపిడికి నున్నబడి ఉంటుంది. బయట మాత్రం గరుకుగానే ఉండొచ్చు. పాతదిగా కనపడాలని ఆమ్లంలో ముంచి తీసిన కొత్త పాత్రకు లోపలా బయటా ఒకే రంగు, ఒకే గరుకు. వాడకం అన్నిచోట్లా సమానంగా అరగదీయదు. ఈ ఒక్క సూత్రం మీద కుర్చీ చేతులను, తలుపు గొళ్లేలను, రోకలి పొన్నులను, దేన్నయినా పరీక్షించవచ్చు.

ఇత్తడిని ఇంట్లోంచి పంపించింది స్టీలు. తోమే పని లేదు, చిలుము పట్టదు, కళాయి ఖర్చు లేదు. గృహిణులకు అది నిజమైన విముక్తి, దాన్ని తప్పు పట్టలేం. బరువైన గంగాళాన్ని చింతపండుతో తోమిన చేతులకే ఆ కష్టం తెలుసు. పాత ఇత్తడి ఇచ్చి కొత్త స్టీలు తీసుకున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో. అలా వెళ్లిన వాటిలో చాలా భాగం కొలిమిలో కరిగిపోయింది. కరగకుండా మిగిలినవే మనకు సంతలో కనిపిస్తున్నాయి.

ఇక్కడ నాకు చాలా బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. మన గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు మీకు తెలుసు. సన్నని ఉలితో చుక్కచుక్కగా, గిన్నె మెడ చుట్టూ, పెళ్లికి ఎవరు ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో రాసి ఉంటుంది. ఇంటిపేరు, ఊరిపేరు కూడా ఉండొచ్చు. పాతబస్తీ పాన్‌దాన్ల మీద ఇదే పని ఉర్దూలో కనిపిస్తుంది. వ్యాపారులకు ఆ పేరు ఒక మచ్చ. కొనేవాళ్లు ఇష్టపడరని దాన్ని రాపిడి మిషన్‌కు పెట్టి చెరిపేస్తారు, అద్దంలా మెరిపించి దుకాణానికి పంపుతారు. తేదీ, ఊరు, మనిషి, మూడూ తెలిసిన వస్తువును ఎవరిదో ఎక్కడిదో తెలియని వస్తువుగా మార్చేస్తారు. ఒక ఊళ్లో ఏ కాలంలో ఏ ఆకారపు బిందెలు వాడారో, పెళ్లికి ఏమేమి పెట్టారో చెప్పడానికి ఆ చుక్కల అక్షరాలకన్నా మంచి సాక్ష్యం మనకు ఎక్కడ దొరుకుతుంది? పేరున్న గిన్నె కనపడితే అదే తీసుకోండి. మెరుగు పెట్టించకండి. పేరున్నందుకు ధర తగ్గిస్తారు కూడా.

ఇత్తడి సామాను కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. ఇత్తడి, రాగి, కంచు, వెండి, వీటిని అయస్కాంతం పట్టుకోదు. పట్టుకుందంటే లోపల ఇనుము ఉండి పైన పూత ఉన్నట్టు. తర్వాత గిన్నె లోపలా, తిరగేసి అడుగునా చూడండి. లేత్ మీద తిప్పి తీసిన కొత్త గిన్నెకు లోపల సన్నని వలయాలు ఒకదానికొకటి సమాన దూరంలో కనిపిస్తాయి. సుత్తితో సాగదీసిన పాత గిన్నెకు దెబ్బల గుర్తులుంటాయి, అవి వెలుగులో వంచి చూస్తే తెలుస్తాయి. కొన్ని పాత బిందెలకు, కాగులకు రేకు రెండు అంచులనూ పళ్లపళ్లుగా కత్తిరించి, ఒకదానిలో ఒకటి దూర్చి అతికిన గీత ఉంటుంది. ఆ అతుకు కనపడితే చేతిపని అని తెలుసుకోండి. కంచయితే వేలి గోటితో మీటితే చాలు, చాలాసేపు మోగుతుంది. రాగిలో తగరం కలిస్తే కంచు, రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి. కంచు మోత ఎక్కువ, కానీ కింద పడితే పగులుతుంది. అందుకని బీట ఉందేమో చూసుకోవాలి. బీట ఉన్న కంచు మోగదు.

ఇప్పుడు యాంటిక్ దుకాణం దగ్గరికి వద్దాం. అక్కడ ధర అడగడానికి మొహమాటపడకండి. మంచి దుకాణదారుకు చూపించడం ఇష్టం. బిద్రీ సురాయి ఒకటి చేతిలో పెట్టమనండి, ఆ బరువు చేతికి తెలియాలి. బిద్రీ అంటే ఎక్కువ పాలు తుత్తునాగం, కొద్దిపాటి రాగి. పోతపోసి, ఉలితో చెక్కి, ఆ గాడిలోకి వెండి తీగో రేకో కొట్టి దించుతారు. బీదర్ కోట మట్టిలో నవాసారం కలిపి మరిగించిన నీటిలో ముంచితే లోహం నల్లబడుతుంది, వెండికి మాత్రం ఆ నలుపు అంటదు. పైన నల్లరంగు పూసి వెండిరంగు గీసినవి కూడా బజారులో బిద్రీ పేరుతో తిరుగుతున్నాయి. భూతద్దం పెట్టి చూడండి. వెండి గాడిలోకి దిగి ఉంటుంది, రంగు పైన కూర్చుని ఉంటుంది. నలుపు వెలిసిన పాత బిద్రీని చూసి వెనక్కి తగ్గనక్కరలేదు, కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిస్తే నలుపు చాలావరకు తిరిగి వస్తుంది.

అంతకన్నా మంచి బడి మనకు సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయాక, ఆయన పోగుచేసినవాటిని 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవ్‌డీలోనే ప్రజలకు చూపించడం మొదలుపెట్టారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. అందరూ మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని, గంటలు కొట్టే గడియారాన్ని చూసి వచ్చేస్తారు. మీరు బిద్రీ సామాను ఉన్న గది దగ్గర కాసేపు ఎక్కువ నిలబడండి. ఆ రేకు పని, ఆ తీగ పని కళ్లలో నిలిస్తే సంతలో నకిలీ దానంతటదే తేలిపోతుంది.

నకిలీల్లో చాలామంది కొనేది గ్రామఫోను. చతురస్రపు పెట్టె, పైన తళతళలాడే ఇత్తడి కొమ్ము, ముందు హెచ్‌ఎంవీ కుక్కబొమ్మ. ఇవి మన దేశంలోనే కొత్తగా తయారై, పాతవాటి పేరుతో లోకమంతా వెళుతున్నాయి. అసలైన హెచ్‌ఎంవీ మిషన్ కావాలంటే కొమ్ము లేని, సూట్‌కేసులా మూసుకునే పోర్టబుల్ కోసం చూడండి. 1931లో వచ్చిన 102 మోడల్ అందులో పేరున్నది. స్ప్రింగ్ ఆడుతుందో లేదో అక్కడే తిప్పి చూడాలి. మిషన్ కొనలేకపోయినా ప్లేట్లు కొనొచ్చు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేట్లను లక్కతో చేసేవారు, ఆ లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచే ప్రపంచానికి వెళ్లింది. ఒక వైపు దాదాపు మూడు నిమిషాలు. రాత్రంతా సాగే నాటకంలో రాగం తీసి తీసి పాడిన పద్యాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించి పాడారు మన రంగస్థల నటులు. ఆ ప్లేటు విన్నవాళ్లకు ఆ కుదింపులోని నేర్పు తెలుస్తుంది. కొనేటప్పుడు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వెంట్రుకంత బీట ఉందేమో చూడండి. ఇంటికి తెచ్చాక ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలువుగా నిలబెట్టండి.

చేతిగడియారాల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. హెచ్‌ఎంటీ సంస్థ జపాను సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగుళూరులో గడియారాల తయారీ మొదలుపెట్టింది. తాళం ఇచ్చే జనతా గడియారం ఎంతమంది నాన్నల మణికట్టు మీద ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు బజారులో పాత యంత్రానికి కొత్తగా రంగు పూసిన డయల్ వేసి, ఎర్రగా, ఆకుపచ్చగా మెరిపించి అమ్ముతున్నారు. యాభై ఏళ్ల నాటి డయల్ మీద రంగు కొత్తగా ఉంటే అనుమానించండి. అక్షరాలు లావుగా, అంచులు చెదిరినట్టు ఉంటే అది మళ్లీ పూసినదే. వెలిసిపోయిన, కాస్త గోధుమరంగు తిరిగిన అసలు డయల్ ఉన్నదే మంచిది.

ఇక కాగితం. ఇదీ తూకానికే దొరుకుతుంది, చిత్తుకాగితాల దుకాణంలో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి నడిపారు. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, భారతి సంచికలు, తొలినాటి చందమామలు ఇప్పటికీ చిత్తుకాగితాల కట్టల్లో బయటపడుతుంటాయి. అందులోని ప్రకటనలు కూడా చదవండి. ఏ సబ్బు, ఏ సైకిలు, ఏ మందు ఎవరికి ఎలా అమ్మారో అక్కడ తెలుస్తుంది. మీకు దొరికినది అరుదైన సంచిక అనిపిస్తే, వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయం వాళ్లను అడగండి, వాళ్ల దగ్గర లేనిదైతే ఇచ్చేయండి. నేను పాతవాటిని ప్రేమిస్తాను, అయినా కాగితం విషయంలో ఒక ఇంటి బీరువా కన్నా గ్రంథాలయమే దానికి సరైన చోటు అని నా నమ్మకం.

దేవుళ్ల పటాల్లో రవివర్మ ప్రెస్‌వి అని చెప్పి అమ్మేవి చాలా ఉంటాయి. ఆ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలైంది. రాతి పలకల మీద ఒక్కో రంగు ఒక్కో అచ్చుగా వేసేవారు. భూతద్దంలో చూస్తే రంగు చుక్కలు క్రమం లేకుండా, ఇసుక చల్లినట్టు ఉంటాయి. ఈ కాలపు ఆఫ్‌సెట్ అచ్చులో చుక్కలు వరసలు కట్టి చిన్న చిన్న పువ్వుల్లా కనిపిస్తాయి. తేడా ఒకసారి చూస్తే మరిచిపోరు.

నాణేలు కొనేవాళ్లు మన నిజాం రాజ్యపు రూపాయి మీద చార్మినార్ గుమ్మం మధ్యలో చూడండి. అక్కడ ఒక అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలానిది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీఖాన్ కాలానిది. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది కాబట్టి మన లెక్కలోకి మార్చుకోవాలి. నాణేన్ని చింతపండుతోగాని పౌడర్‌తోగాని తోమకండి. తోమితే మీద ఉన్న సన్నని గీతలు పోతాయి, దానితోపాటు విలువా పోతుంది.

బేరం గురించి అందరూ అడుగుతారు. పొద్దున్నే వెళితే మంచి వస్తువు దొరుకుతుంది, పొద్దు వాలాక వెళితే మంచి ధర దొరుకుతుంది, రెండూ ఒకేసారి అరుదు. బోణీ వేళ బేరానికి దిగితే కొనాలి, కొనే ఉద్దేశం లేకుండా ధర అడిగి వెళ్లిపోతే అమ్మేవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. “నవాబుల ఇంటి మాల్ సాబ్” అంటే విని ఊరుకోండి, వాదించకండి. “భాయ్, ఇది ఎక్కడ దొరికింది?” అని మాత్రం తప్పకుండా అడగండి. ఏ బస్తీలో ఏ ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిందో నిజం చెప్పేవాళ్లూ ఉంటారు. ఆ వివరం ఇంటికి రాగానే చిన్న చీటీ మీద రాసి వస్తువులో పెట్టండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు, నాణేలు, కళావస్తువులు పురావస్తువులు, రాతప్రతులకు డెబ్బై ఐదేళ్లు చాలు. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. దేశం దాటించే హక్కు మనలో ఎవరికీ లేదు. అమెరికాలో ఉన్న అమ్మాయికి అమ్మమ్మ సెమ్మె పంపాలనుకునే తల్లిదండ్రులు ముందుగా పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న పత్రం తీసుకోవడం మంచిది, లేకపోతే విమానాశ్రయంలో ఆగిపోవచ్చు. లంకెబిందెలు దొరికాయని, పొలంలో బయటపడిందని చెప్పి ఎవరైనా చూపిస్తే ముట్టుకోకండి. నేలలో దొరికిన నిధి గురించి తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది. ఏనుగు దంతపు వస్తువులు వద్దు. ఉత్సవ విగ్రహాలు అసలే వద్దు, వాటి వెనక ఏదో ఒక ఊరి గుడి ఖాళీగా ఉండి ఉండొచ్చు.

ఇక కొన్నాక పాటించాల్సిన జాగ్రత్తలు. వాల్వు రేడియో ఒకటి కొన్నారనుకోండి. మర్ఫీయో, బుష్షో, ఫిలిప్సో. ఇంటికి తెచ్చి వెంటనే ప్లగ్గు పెట్టకండి. గుడ్డ చుట్టిన పాత తీగలు, లోపల ఎండిపోయిన కండెన్సర్లు ప్రమాదం. తెలిసిన మెకానిక్ చూశాకే కరెంటు ఇవ్వాలి. 

చివరగా గిన్నెల సంగతి. పాత ఇత్తడి, రాగి గిన్నెల్లో వండుకోవాలంటే కళాయి పెట్టించాలి. గిన్నెను నిప్పు మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం రాసి, దూదిగుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండిలా తెల్లబడుతుంది. పాత బజార్లలో ఈ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. సీసం కలవని తగరమే వాడమని ముందుగా అడగండి, ధర కాస్త ఎక్కువైనా ఇవ్వండి. ఎక్కడైనా చిల్లుకు బూడిదరంగు మాట్లు వేసి ఉంటే ఆ గిన్నెను వంటకు వాడకండి, ఆ మాట్లలో సీసం ఉండొచ్చు. దాన్ని బియ్యానికో పూలకుండీకో పెట్టుకోండి. కళాయి అరిగి లోపలి లోహం కనపడగానే చారు, పులుసు కాచడం ఆపి మళ్లీ పెట్టించండి.